నల్లమందుపై తొలి అంతర్జాతీయ ఒప్పందం.. షాంఘై నుంచి హేగ్ దాకా అసలేం జరిగింది?

నల్లమందు వ్యాపారాన్ని కట్టడి చేసేందుకు 13 దేశాలు తొలిసారి ఒకచోట కూర్చున్నది 1909 ఫిబ్రవరిలో, చైనాలోని షాంఘైలో. అధ్యక్షత వహించింది బిషప్ చార్లెస్ బ్రెంట్. అప్పట్లో అమెరికా పాలనలో ఉన్న ఫిలిప్పీన్స్‌లో పనిచేస్తూ, ఈ భేటీ పెట్టాలని 1906లోనే అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు లేఖ రాసింది ఆయనే.

అసలు ట్విస్ట్ ఏంటంటే, సరుకు అమ్మేవాళ్లు కూడా అదే టేబుల్ దగ్గర ఉన్నారు. బిహార్, బనారస్ ప్రాంతాల్లో రైతులతో గసగసాలు పండించి, నల్లమందును కలకత్తాలో వేలం వేసింది బ్రిటిష్ ఇండియా సర్కారే. అందులో ఎక్కువ భాగం చైనాకే వెళ్లేది. ఆ మార్కెట్ కోసం రెండు యుద్ధాలు చేసిన బ్రిటన్, 1907లో మాత్రం మెత్తబడింది. ఎగుమతులు ఏటా పదో వంతు తగ్గిస్తాం, మీరూ సాగు తగ్గించాలంటూ చైనాతో డీల్ కుదుర్చుకుంది.

షాంఘైలో జరిగింది కమిషన్ భేటీ మాత్రమే. అందుకే సిఫార్సులతో సరిపెట్టారు. సంతకాలు పడింది 1912 జనవరి 23న, నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో. మార్ఫిన్, కొకైన్ కూడా లిస్టులో చేరాయి. అయితే భేటీకి రాని దేశాలూ సంతకం పెట్టాలన్న మెలికతో అమలు ఏళ్ల తరబడి నానింది. ఈలోగా ప్రపంచ యుద్ధం వచ్చిపడింది.

చివరికి 1919 వెర్సాయ్ శాంతి ఒప్పందంలో 295వ ఆర్టికల్‌గా దీన్ని ఇరికించారు. శాంతి ఒప్పందాన్ని ఆమోదిస్తే హేగ్ ఒప్పందాన్నీ ఆమోదించినట్టే. ఓడిన జర్మనీకైనా, గెలిచిన బ్రిటన్‌కైనా అదే రూల్.