న్యుమోనియా చికిత్సా చరిత్ర – యల్లాప్రగడ సుబ్బారావు స్థానము

చలిజ్వరము, దగ్గు, ప్రక్కపోటు, ఎగశ్వాస లక్షణములుగా గల న్యుమోనియాను ప్రాచీన వైద్యులు గుర్తించిరి గాని, దాని కారణము నెఱుగజాలకపోయిరి. 1881లో ఫ్రాన్సున పాశ్చరు, అమెరికాలో స్టెర్న్‌బర్గు, ఒకరి కృషి నొకరెఱుగకయే, జంటలుగా నుండు ఒక సూక్ష్మజీవిని కనుగొనిరి. న్యుమోకాకస్ అను పేర అదియే ఈ వ్యాధికి ముఖ్యహేతువుగా పిదప స్థిరపడెను. ఈ క్రిమి పెక్కుమంది ముక్కులలో, గొంతులలో అపకారము చేయకయే యుండును. శైశవము, వార్ధక్యము, ఇన్‌ఫ్లుయెంజా, ధూమపానము మున్నగువానిచే దేహరక్షణ సన్నగిల్లినపుడు అది ఊపిరితిత్తులలోనికి దిగి, అందలి గాలిగదులను ద్రవముతోను చీముతోను నింపును. అంతట రక్తమునకు ప్రాణవాయువు చాలదు. రోగి ఎగరొప్పుట కిదియే కారణము.

తొలుత గుఱ్ఱముల రక్తరసమును, పిదప కుందేళ్ల రక్తరసమును సూదిద్వారా నెక్కించి చికిత్స చేసిరి. కాని న్యుమోకాకస్‌లో పెక్కు తెగలు గలవు. రోగియందలి తెగను నిర్ణయించినగాని తగిన రసము నెన్నుట సాధ్యము కాదు. 1938లో ఇంగ్లాండున సల్ఫాపిరిడిన్ వాడుకలోనికి వచ్చుటతో ఆ చిక్కు తొలగెను. తరువాతి దశాబ్దమున పెనిసిలిన్ అంతకు మించిన ఫలమిచ్చెను. అయినను కొన్ని విధముల న్యుమోనియాకు పెనిసిలిన్ పనిచేయదయ్యెను.

ఈ లోటును కొంత తీర్చినది ఆరియోమైసిన్. దీనిని భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావే కనుగొనెనని తెలుగువారు తఱచుగా వ్రాయుచుందురు. ఇది సరికాదు. మిస్సోరీ రాష్ట్రపు మట్టినుండి ఆ ఔషధమునిచ్చు జీవిని వేఱుచేసినవాడు విశ్వవిద్యాలయోద్యోగమునుండి విరమించిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గరు. ఆ పరిశోధన లెడర్లే సంస్థలో జరిగెను. అచట పరిశోధనాధ్యక్షుడు సుబ్బారావు. వృద్ధుడైన శాస్త్రజ్ఞునకు అవకాశము కల్పించి, మట్టిలోని జీవులను శోధించు పనిని నడపించి, దొరకిన పదార్థమును ఔషధముగా తీర్చు పెక్కుమంది శ్రమ నొక్కత్రాట నడపిన ఘనత ఆయనది. నోటిద్వారా నీయదగిన ఈ మందు, పెనిసిలిన్‌కు లొంగని కొన్ని న్యుమోనియాలను సయితము తగ్గించెను. 1948లో ఇది లోకమునకు వెల్లడియయ్యెను. ఆ సంవత్సరముననే ఆగస్టు నెలలో సుబ్బారావు పరమపదించెను. ఆ వంశమునకే చెందిన డాక్సీసైక్లిన్ నేటికిని న్యుమోనియా చికిత్సలో వాడుకయందున్నది.

ఔషధములు వచ్చినంతమాత్రమున పోరాటము ముగియలేదు. 1967లోనే పెనిసిలిన్‌ను తట్టుకొను న్యుమోకాకస్ ఆస్ట్రేలియాలో బయల్పడెను. కావున మందులను విచక్షణతో వాడుట, రోగమును ముందే నివారించుట ఆవశ్యకములైనవి. భారతదేశమున శిశువులకు న్యుమోకాకల్ టీకా 2017లో కొన్ని రాష్ట్రములందు ప్రారంభమై, 2021లో దేశమంతటికి విస్తరించినది.

కన్నడదేశమున, కాడుగోడివంటి ప్రాంతములందు తెలుగు చదువుకొను బాలబాలికలకు సుబ్బారావు పేరు గర్వకారణముగా బోధింపదగినదే. కాని ఆయన కొఱకు డగ్గరు యశస్సును హరింపవలసిన పనిలేదు. పరుల ప్రతిభను గుర్తించి ఫలింపజేయుటయు విద్వత్తే. ఆయన చేసినది చేసినట్లు చెప్పినచో, అదియే ఆయనకు చాలినంత కీర్తి.