బెర్లిన్ గడప నుండి స్కోపస్ కొండ దాకా

ఐరోపా విశ్వవిద్యాలయాలు హీబ్రూ భాషను ఎన్నడూ వెలివేయలేదు. ఈ మాట ముందు చెప్పకపోతే తరువాతి కథ బోధపడదు. క్రైస్తవ వేదాంత శాఖలలో హీబ్రూ పాఠాలు శతాబ్దాల తరబడి నిరాఘాటంగా సాగాయి. వెలి ఆ భాషను తండ్రి పక్కన కూర్చుని అక్షరాభ్యాసం నాటి నుండి చదువుకున్న మనుషులకు. ఇంకొక వెలి కూడ ఉన్నది. పాత నిబంధన ఎక్కడ ముగిసిందో హీబ్రూ వాఙ్మయం కూడ అక్కడే ముగిసిందని విద్వత్సభల నిశ్చయం. ఆ తరువాత పుట్టిన తాల్ముదు, వ్యాఖ్యానాలు, కవిత్వం, తత్త్వశాస్త్రం, న్యాయ నిర్ణయాలు, వ్యాకరణాలు, అంటే సుమారు రెండువేల ఏళ్ళ రచన, వారి లెక్కలో లేవు.

అమెరికాలోని హార్వర్డునే చూడండి. 1636లో స్థాపించిన ఆ కళాశాలలో తొలినాళ్ళ విద్యార్థులందరూ హీబ్రూ చదవవలసిందే. అక్కడ ఆ భాషను చాలాకాలం బోధించినవాడు జూడా మోనిస్ అనే యూదుడు. 1722 మార్చిలో ఆయన బాప్తిస్మం పుచ్చుకున్నాడు, మరుసటి నెలలో ఉద్యోగం వచ్చింది. 1735లో ఆయన అచ్చువేయించిన హీబ్రూ వ్యాకరణం అమెరికా ఖండంలో ఆ భాషకు మొదటిది. 1760 దాకా పాఠాలు చెప్పాడు. అదే హార్వర్డులో హీబ్రూ సాహిత్య తత్త్వశాస్త్రాలకు ఒక పీఠం వెలసి, మతం మార్చుకోనక్కరలేకుండా హారీ వుల్ఫ్‌సన్ అనే పండితుడు అందులో కూర్చున్నది 1925లో. రెండువందల మూడేళ్ళు పట్టింది.

నేను తెలుగు పండితుణ్ణి. హీబ్రూ వైపు నన్ను లాగినది చరిత్ర కాదు, వ్యాకరణమే. ఆ భాషలో ధాతువు సాధారణంగా మూడు హల్లుల కూర్పు. క-త-వ అనే మూడు హల్లులలో రాయడమనే అర్థం నిక్షిప్తమై ఉంటుంది. అచ్చులు మార్చి, ముందు వెనుకల ప్రత్యయాలు చేర్చితే రాశాడు, రాత, ఉత్తరం, పెళ్ళి ఒడంబడిక, ఇట్లా మాటలు పుడుతూ పోతాయి. చూడటానికి రెండే హల్లులున్నట్లు కనిపించే ధాతువులలోనూ మూడవది దాగి ఉన్నదని నిరూపించినవాడు యెహూదా హయ్యూజ్. క్రీస్తుశకం వెయ్యవ సంవత్సరానికి అటూ ఇటూగా స్పెయిన్‌లోని కార్డోబాలో ఉన్నాడు. హీబ్రూకు శాస్త్రం చెప్పిన ఆ గ్రంథాలను ఆయన అరబ్బీలో రాశాడు! తెలుగు వ్యాకరణమైన ఆంధ్రశబ్దచింతామణి సంస్కృతంలో ఉండటాన్ని ఎరిగిన మనకు ఇందులో వింత తోచదు. కాని ఒక సంగతి గమనించాలి. ఏ విశ్వవిద్యాలయమూ ఆశ్రయం ఇవ్వకుండానే ఆ భాషకు ఇంత శాస్త్రం పుట్టింది. బెర్లిన్ పండితులకు కనబడనిది ఇదే.

కనబడేటట్లు చేస్తానని నడుము కట్టినవాడు లియోపోల్డ్ జుంజ్. 1794లో డెట్‌మోల్డ్‌లో పుట్టాడు. బెర్లిన్ విశ్వవిద్యాలయంలో గ్రీకు లాటిన్ గ్రంథాలను పరిష్కరించే పద్ధతిని మహామహుల వద్ద అభ్యసించాడు. ఆ పద్ధతినే తన పూర్వుల గ్రంథాలకు ఎందుకు వర్తింపజేయరాదని 1818లో ఒక చిన్న పుస్తకం రాశాడు. మరుసటి ఏడు జర్మన్ పట్టణాలలో యూదుల ఇళ్ళపై మూకలు దాడి చేశాయి. ఆ ఏడాది చివరలోనే జుంజ్, ఎడ్వర్డ్ గాన్స్ మొదలైన యువకులు బెర్లిన్‌లో ఒక సంఘం పెట్టారు. యూదుల సంస్కృతిని శాస్త్రదృష్టితో అధ్యయనం చేయడం దాని ఆశయం. కవి హైన్‌రిఖ్ హైనె కూడ కొంతకాలం అందులో సభ్యుడు. అయిదేళ్ళకే అది మూతబడింది.

మూతబడటానికి కారణం డబ్బు లేకపోవడం ఒక్కటే కాదు. యూదులు విద్యాసంస్థలలో బోధించవచ్చునని 1812లో ప్రష్యా రాజ్యం శాసనం చేసింది. గాన్స్ న్యాయశాస్త్ర ఆచార్యపదవికి అర్హుడై నిలబడేసరికి, 1822లో రాజు ఆ అవకాశాన్ని రద్దుచేశాడు. గాన్స్ 1825లో బాప్తిస్మం తీసుకున్నాడు, పదవి లభించింది. హైనె కూడ అదే సంవత్సరం ఆ దారినే వెళ్ళాడు, ఆయనకు మాత్రం ఏ పదవీ దొరకలేదు. జుంజ్ వెళ్ళలేదు. పత్రికలో పనిచేసి, పాఠశాల నడిపి, ఉపాధ్యాయ శిక్షణాలయంలో బోధించి పొట్ట పోసుకున్నాడు. పాఠశాలలోనే జీవితం గడిపినవాణ్ణి గనుక ఆయనపై నాకు పక్షపాతం ఉండవచ్చు. పాఠకులు దాన్ని తీసివేసి లెక్క కట్టుకోవచ్చు.

జుంజ్ పాండిత్యం గాలిలో తేలే పాండిత్యం కాదు. యూదుల ప్రార్థనలో ఎట్టి కొత్త పోకడా ఉండరాదని 1823లో ప్రష్యా ప్రభుత్వం ఉత్తరువిచ్చింది. జర్మన్ భాషలో ప్రసంగాలు నిలిచిపోయాయి. జుంజ్ 1832లో ఒక ఉద్గ్రంథం ప్రకటించాడు. సినగాగులో జనం మాట్లాడే భాషలో ప్రసంగించడం కొత్త పోకడ కాదు, ప్రాచీనకాలం నుండి ఎడతెగకుండా వస్తున్న ఆచారమని కాలక్రమంలో ఒక్కొక్క గ్రంథాన్నీ నిలబెట్టి చూపాడు. మరి కొన్నేళ్ళకు, యూదులు క్రైస్తవుల పేర్లు పెట్టుకోరాదని ప్రభుత్వం తలపెట్టింది. బెర్లిన్ యూదులు జుంజ్‌ను ఆశ్రయించారు. తమ పూర్వులు గ్రీకు, అరబ్బీ, లాటిన్ పేర్లను ఏయే శతాబ్దంలో ఎట్లా పెట్టుకున్నారో 1837లో ఆయన పుస్తకంగా వేశాడు. ప్రసంగం చేసుకునే హక్కుకూ బిడ్డకు పేరు పెట్టుకునే హక్కుకూ గ్రంథపరిష్కరణ శాస్త్రం సాక్ష్యం చెప్పిన సందర్భాలు ప్రపంచంలో ఎన్నో ఉండవు.

1848లో విప్లవం వచ్చింది. స్వాతంత్ర్యపు గాలి వీస్తున్నదని నమ్మి జుంజ్ విద్యామంత్రికి అర్జీ పెట్టాడు. బెర్లిన్ విశ్వవిద్యాలయంలో యూదుల చరిత్రకూ సాహిత్యానికీ ఒక పూర్తి ఆచార్యపీఠం కావాలని కోరాడు. ఆచార్యవర్గం ఒప్పుకోలేదు. సుప్రసిద్ధ చరిత్రకారుడు రాంకె కూడ ఆ విచారణలో ఉన్నాడు. వారి తర్కం చిత్రమైనది. యూదుల ప్రత్యేకతను పెంచి పోషించడానికి పీఠం పెట్టడం భేదాలు తుడిచివేస్తున్న కొత్త స్వేచ్ఛకే విరుద్ధమట! స్వేచ్ఛ లేనప్పుడు పనికిరానివాడు, స్వేచ్ఛ వచ్చిన తరువాత అక్కరలేనివాడు. జుంజ్ 1886 దాకా జీవించాడు, ఆ గడప లోపలికి ఆచార్యుడుగా అడుగుపెట్టలేదు.

తలుపు తెరవకపోతే సొంత ఇల్లు కట్టుకున్నారు. 1854లో బ్రెస్లావులో ఒక విద్యాపీఠం వెలసింది. పదకొండు సంపుటాల యూదుల చరిత్ర రాసిన గ్రేట్జ్ అక్కడి ఆచార్యుడు. 1872లో బెర్లిన్‌లోనే మరొకటి వచ్చింది. అది ‘హోఖ్‌షూలె’, అంటే ఉన్నత విద్యాపీఠం అని పేరు పెట్టుకుంటే, 1883లో ప్రభుత్వం ఆ పేరు తీయించి వట్టి బోధనశాల అనిపించింది. పేరులో కూడ సమానత్వం పనికిరాలేదు.

ఈ సొంత ఇళ్ళు మంచివి కావని వాదించిన మహాపండితుడొకడున్నాడు, మోరిట్జ్ స్టైన్‌ష్నైడర్. ఆక్స్‌ఫర్డులోని హీబ్రూ గ్రంథాల పట్టిక తయారుచేసినవాడు. యూదుల వాఙ్మయం మానవజాతి అంతటిదీ గనుక విశ్వవిద్యాలయంలోనే చదవాలి, మతబోధకుల బడిలో కాదు అనేది ఆయన పట్టు. ఆ మాటలో బలమున్నది. కాని మిగిలినదానికి గౌరవంగా అంత్యక్రియలు జరపడమే తమ పని అనే భావం కూడ ఆయనకు అంటగట్టబడింది. నిజంగా అన్నాడో లేదో గాని, ఆ తరం పట్టికలు చూస్తే శవపేటికకు కొలతలు తీస్తున్నట్లు తోచేది కొందరికి. అదే కాలంలో, 1853లో, లిథువేనియాలో అబ్రహాం మాపు మొదటి హీబ్రూ నవలను అచ్చువేశాడు. ఒకచోట అంత్యక్రియలు, మరొకచోట పురుడు.

శాస్త్రానికి నిక్షేపం దొరికింది మాత్రం ఈజిప్టులో. దేవుని నామం ఉన్న కాగితాన్ని పారవేయరాదని యూదుల ఆచారం. చిరిగిన కాగితాలను సినగాగులో ఒక గదిలో పడవేసి ఉంచుతారు. దాన్ని గెనీజా అంటారు. (మన ఇళ్ళలో శిథిలమైన తాళపత్రాలను గోదావరిలోనో కృష్ణలోనో కలిపేవారు. ఆచారంలోని భక్తి ఒకటే, చరిత్రకు మిగిలినది వేరు.) 1896లో ఇద్దరు స్కాటిష్ సోదరీమణులు తెచ్చిన ఒక పత్రాన్ని చూసి కేంబ్రిడ్జి అధ్యాపకుడు సాలమన్ షెక్టర్ కైరోకు ప్రయాణమయ్యాడు. దాదాపు రెండు లక్షల తునకలను కేంబ్రిడ్జికి చేర్చాడు. వాటిలో వేదాంతమొక్కటే లేదు. బాకీ చీట్లు, వైద్యుల యోగాలు, పిల్లల అక్షరాభ్యాసపు పలకలవంటి పుటలు, భార్యాభర్తల తగవులు ఉన్నాయి. దక్షిణ భారతానికి వచ్చిన వర్తకుల ఉత్తరాలూ ఉన్నాయి. ట్యునీషియా దేశపు అబ్రహాం బెన్ యిజు పన్నెండవ శతాబ్దంలో మంగుళూరులో పదిహేడేళ్ళ పాటు కాపురముండి కంచు పాత్రల కర్మాగారం నడిపాడు. 1132లో ఆషు అనే బానిసను విముక్తురాలిని చేసిన పత్రం ఆ గదిలోనే దొరికింది. హీబ్రూ లిపిలో అరబ్బీ భాష రాసుకున్న ఆ వర్తకుల లోకం రాజుల చరిత్రలలో ఎక్కడుంటుంది?

ఇక జెరూసలేము. పదహారు పదిహేడు వందల ఏళ్ళుగా ఎవరికీ ఉగ్గుపాల భాష కాని హీబ్రూను ఇంట్లో మాట్లాడతానని 1881లో ఎలియేజర్ బెన్ యెహూదా అక్కడికి చేరాడు. మరుసటి ఏడు పుట్టిన కొడుకు చెవిన వేరే భాష పడనీయలేదు. నిఘంటువు అనే అర్థంలో హీబ్రూకు ఒకే మాట లేకపోతే, ‘మిల్లా’ అంటే పదం గనుక ‘మిల్లోన్’ అని కల్పించాడు. ఆయన మహానిఘంటువు పదిహేడు సంపుటాలు పూర్తయ్యేసరికి 1959 వచ్చింది, ఆయన 1922లోనే కన్నుమూశాడు.

మాట్లాడటం ఒకటి, భౌతికశాస్త్రం బోధించడం మరొకటి. హైఫాలో సాంకేతిక విద్యాలయం కడుతున్న జర్మన్ యూదుల సంఘం 1913లో అక్కడ శాస్త్రాల బోధన జర్మన్‌లో జరగాలని తీర్మానించింది. హీబ్రూలో పారిభాషిక పదాలెక్కడివి అన్నారు. ఉపాధ్యాయులూ పిల్లలూ ఆ సంఘపు బడులనుండి బయటికి నడిచి వేరే బడులు పెట్టుకున్నారు. చరిత్రలో దీనికి భాషల యుద్ధమని పేరు. కొద్ది నెలలకు సంఘమే దిగివచ్చింది. తరువాత ప్రపంచయుద్ధం అడ్డుపడి, ఆ విద్యాలయం 1924లో హీబ్రూలోనే మొదలైంది. నా ఉద్యోగకాలంలో సైన్సు మాస్టర్లు మాటలకోసం నా దగ్గరకు వస్తుండేవారు. మాట ముందు పుట్టి పాఠం తరువాత రాదు, పాఠం చెప్పవలసి వస్తే మాట పుడుతుంది. హైదరాబాదులో 1918లో ఉస్మానియాను ఉర్దూ బోధనతో స్థాపించి, అందుకోసం అనువాద శాఖనే పెట్టిన నిజాం ప్రభుత్వానికి ఈ రహస్యం తెలుసు. అక్కడి తెలుగువాడి గతి ఏమిటనేది వేరే టపాకు తగిన విషయం.

అదే 1918 జూలైలో స్కోపస్ కొండపై హీబ్రూ విశ్వవిద్యాలయానికి శంకుస్థాపన జరిగింది. 1924 చివరలో యూదుల అధ్యయన సంస్థ, 1925 ఏప్రిల్ 1న విశ్వవిద్యాలయం ప్రారంభమయ్యాయి. బాల్ఫోర్ ప్రారంభించాడు, కవి బియాలిక్ హీబ్రూలో ప్రసంగించాడు. పాలస్తీనా అరబ్బులు బాల్ఫోర్ రాకకు నిరసనగా సమ్మె పాటించారన్నది కూడ అదే చరిత్ర. జుంజ్ కోరినది ఇక్కడ నెరవేరింది. బెర్లిన్‌లో పుట్టిన గెర్షోమ్ షోలెమ్ ఇక్కడ ఉపన్యాసకుడై, గ్రేట్జ్ మూఢత్వమని ఈసడించిన కబాలా మార్మికతను శాస్త్రంగా నిలబెట్టాడు. జుంజ్ తరం పని మీద 1944లో ఘాటైన విమర్శ రాసినవాడూ ఆయనే. కాస్త నిర్దయగా రాశాడని నా అభిప్రాయం. ఇల్లు ఉన్నవాడు గడప బయట నిలబడినవాణ్ణి విమర్శించడం సులభం.

ఆ ఇంటికీ ఒక గడప ఉన్నది. తూర్పు ఐరోపా యూదులు కోటి మంది దాకా నిత్యం మాట్లాడుతున్న భాష యిద్దిష్. 1927లో ఒక న్యూయార్క్ పత్రికాధిపతి యిద్దిష్ పీఠానికి యాభైవేల డాలర్లు ఇస్తానన్నాడు. హీబ్రూ రక్షక దళమని పేరు పెట్టుకున్న యువకులు, ఆ గ్రామ్యానికి పీఠం పెడితే విశ్వవిద్యాలయం చచ్చినట్లేనని నల్ల అంచుల ప్రకటనలు అంటించారు. అధికారులు వెనుకాడారు. పీఠం రాలేదు.

బెర్లిన్ విద్యాపీఠం నాజీల కాలంలోనూ, వెళ్ళగొట్టబడిన విద్యార్థులకు ఆశ్రయమై, లియో బెక్ బోధనతో కొనసాగి, 1942లో మూతబడింది. బెక్‌ను తెరేజియన్‌స్టాట్ నిర్బంధశిబిరానికి పంపారు, బ్రతికి బయటపడ్డాడు. అక్కడ చదివి 1935లో ప్రపంచంలోనే తొలి మహిళా రబ్బీ అయిన రెగీనా యోనాస్‌ను 1944లో ఆష్విట్జ్‌లో చంపారు. నాజీలు దోచిన గ్రంథాలయాలలో వారసులు మిగలని పుస్తకాలను యుద్ధానంతరం ఒక సంస్థ పంచిపెట్టింది. దాని అధ్యక్షుడు, 1930 నుండి కొలంబియా విశ్వవిద్యాలయంలో యూదుల చరిత్రకు ఆచార్యుడైన సాలో బారన్. కార్యదర్శి హన్నా అరెంట్. సుమారు అయిదు లక్షల పుస్తకాలలో అన్నిటికంటె పెద్ద వాటా ఇజ్రాయేలుకు వెళ్ళింది. అప్పటికి స్కోపస్ కొండే అందుబాటులో లేదు. 1948 ఏప్రిల్‌లో కొండకు వెళుతున్న వాహనాలపై జరిగిన దాడిలో డెబ్భైఎనిమిది మంది చనిపోయారు, 1967 దాకా విశ్వవిద్యాలయం నగరంలో ఇతర భవనాలలో నడిచింది.

యిద్దిష్ పీఠం 1951లో వచ్చింది. తొలి ఆచార్యుడు దోవ్ సదాన్. గలీషియాలో పుట్టి ఆ భాష వింటూ పెరిగినవాడు. 1927లో దాన్ని మాట్లాడుతున్నవారిలో సగానికి సగం మంది అప్పటికి లేరు.