కుట్టు పడవలు

అడవి బాటలో మాకెదురుగా ఒక పడవ నడిచి వచ్చింది. బోర్లించిన పదహారడుగుల పడవ, దాని కింద రెండు కాళ్ళు, అంతే. తప్పుకుని దారిచ్చాం. లోపల్నుంచి ఓ ఆడగొంతు థాంక్స్ చెప్పి ముందుకు వెళ్ళిపోయింది.

టొరంటో నుంచి ఉత్తరానికి మూడు గంటలు బండి తోలితే ఆల్గాంక్విన్ పార్కు. పేరుకే పార్కు, 7,600 చదరపు కిలోమీటర్లకు పైగా అడవి, రెండు వేలకు పైగా సరస్సులు. నీటిదారి తెగిన చోట పడవ నెత్తికెత్తుకుని అవతలి సరస్సు దాకా నడవాలి. దీన్ని పోర్టేజ్ అంటారు. బ్రాంప్టన్, మిస్సిసాగాల్లో ఉండే మన తెలుగు కుటుంబాలు కూడా వేసవిలో ఇక్కడికొచ్చి గుడారాలు వేసుకుంటున్నాయి. లోపలి సరస్సులకు రేకు డబ్బాలూ గాజు సీసాలూ తీసుకెళ్ళనివ్వరు కాబట్టి ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలోకి మారుతుంది. రాత్రికి ఆ డబ్బాతో సహా తిండి సంచీని తాడు కట్టి చెట్టుకొమ్మకు వేలాడదీయాలి. ఎలుగుబంట్లుంటాయి.

ఈత గురించి ఒక మాట. వైజాగు ఆర్కే బీచ్‌లో కెరటం లాగేస్తుందని మనల్ని మోకాలి లోతు దాటనివ్వరు. ఇక్కడ కెరటమే ఉండదు, భయం వేయదు. కానీ జూలైలో కూడా పైపొర గోరువెచ్చగా ఉంటే కింద మంచులాంటి చలి. ఒడ్డు నుంచి నాలుగడుగులు వేస్తే నేల తటాలున దిగిపోయే చోట్లుంటాయి. ఒక్కసారిగా చన్నీళ్ళు తగిలితే ఊపిరి మన చేతిలో ఉండదు. విదేశాల చెరువుల్లో మన పిల్లలు మునిగిపోయారన్న వార్త ఎన్నిసార్లు చదివాం! పడవలో మనిషికొక లైఫ్ జాకెట్ ఉండాలని ఇక్కడ చట్టం. ఉంటే చాలదు, ఒంటికి తొడుక్కోవాలి. పిల్లల్ని పంపేవాళ్ళు ఇది గట్టిగా చెప్పి పంపండి.

ఇక పడవ సంగతి. ఇప్పటివి ఫైబరువి, కెవ్లార్‌వి. వీటి తల్లి బిర్చి చెట్టు బెరడు పడవ. బెరడును పెద్ద పట్టగా ఒలిచి, తెల్లటి పైభాగం పడవ లోపలికి వచ్చేలా తిప్పి, స్ప్రూస్ చెట్టు వేళ్ళను నిలువునా చీల్చి నానబెట్టి, వాటితో కుడతారు. దేవదారు జాతి చెక్కతో పక్కటెముకలు. కుట్ల మీద కాచిన జిగురు. మేకు లేదు. ఇది ఇక్కడి మూలవాసులైన ఆల్గాంక్విన్, ఒజిబ్వే వాళ్ళ విద్య.

ఇది తెలిశాక నా మనసు ఇంటివైపు పోయింది. మేం వైజాగులో పూర్ణా మార్కెట్ వెనక సందులో పెరిగాం. 1933లో హార్బరు తెరిచేదాకా ఓడలు సముద్రంలో దూరంగా ఆగేవని, కెరటాలు దాటించి సరుకు తెచ్చేది మసూలా పడవలేనని మా తాత చెప్పేవాడు. అదీ కుట్టు పడవే. పలచని చెక్కలు, కొబ్బరితాడు కుట్లు. మేకులు కొట్టిన పడవ కెరటం దెబ్బకి పగిలిపోతుంది, కుట్టింది ఒంగి లేస్తుంది. ఇక్కడి బెరడు పడవా అంతే, రాయి తగిలితే లొంగుతుంది, చిరిగితే సాయంత్రం ఒడ్డున జిగురు పూసుకోవచ్చు. ఒకరినొకరు ఎన్నడూ చూడని రెండు జనాలు దారాన్నే నమ్ముకున్నారు.

ఇద్దరికీ వచ్చిన యజమానీ ఒకే ఊరివాడు. లండన్‌లో పుట్టిన కంపెనీల్లో ఒకటి 1682లో వైజాగులో బట్టల కోసం ఫ్యాక్టరీ పెట్టింది. ఇంకొకటి హడ్సన్స్ బే కంపెనీ. దానికి 1670లో రెండో ఛార్లెస్ రాజు, హడ్సన్ బేలోకి నీళ్ళు పారే నేలంతా కాగితం మీద రాసిచ్చేశాడు. నేలమీద ఉన్నవాళ్ళను అడిగిన పాపాన పోలేదు. కావలసింది బీవరు తోలు, యూరప్‌లో దొరల టోపీల కోసం. ఈ కంపెనీకి పోటీగా మాంట్రియాల్ నుంచి నార్త్ వెస్ట్ కంపెనీ, ఈ పార్కుకు ఉత్తరంగా ఒట్టావా నది మీదుగా, ముప్ఫయ్యారడుగుల బెరడు పడవల్లో మూడేసి టన్నుల సరుకు తిప్పింది. పోర్టేజ్ దగ్గర కూలీ ఒక్కొక్కడూ తొంభై పౌన్ల మూటలు రెండేసి, నుదుటికి తోలుపట్టీ వేసి, వీపున మోసేవాడు. 1821లో ఈ పోటీ కంపెనీలు రెండూ కలిసిపోయాయి. పడవ నేర్పినవాళ్ళకు వాటా లేదు.

1893లో ఈ అడవిని పార్కు చేశారు. చెట్ల నరుకుడు మాత్రం ఈనాటికీ సాగుతోంది. పేరు ఆల్గాంక్విన్లదే. వాళ్ళు ఏ ఒప్పందంలోనూ వదులుకోని నేల ఇది, ఇంకా చర్చలు నడుస్తున్నాయి. నాకు ఈ అడవంటే ఎంత ఇష్టమో, ఈ సంగతి తలుచుకుంటే అంత ఇబ్బంది.

క్యూబెక్ వైపు ఆల్గాంక్విన్ పెద్ద విలియం కమాండా బెరడు పడవలు కట్టడంలో దిట్ట. 2011లో పోయాడు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు పుస్తకాలు రాశారు, విద్య నిలిచింది. మన కుట్టు పడవ సంగతేమిటి? వైజాగు పెద జాలరిపేటలో తాతలెవరైనా ఇంకా చెప్పగలిగితే, ఏ చెక్క వాడేవారో, కుట్టు ఏ చివర మొదలెట్టేవారో, సందుల్లో ఏం కూరేవారో అడిగి రాసి పెట్టండి. వీలైతే నాకూ ఒక ప్రతి పంపండి.