నిలువుటద్దము – దాని పీఠము



మా అమ్మగారు కాపురమునకు వచ్చినపుడు పుట్టినింటివారిచ్చిన నిలువుటద్దము మా యింట నున్నది. దాని కొయ్యపీఠము చెదలు తిని విరిగినది. క్రొత్తపీఠము చేయించుటకు నేను రెండుమారులు యత్నింపవలసివచ్చెను. మొదటిమారు జరిగిన పొరపాటు, అద్దముల చరిత్రలో నేను గమనింపని యొక సంగతిని నాకు నేర్పినది. దానినే నేడు మనవి చేసెదను.

అద్దము మనకు క్రొత్తవస్తువు కాదు. సింధునాగరికతకు చెందిన స్థలముల త్రవ్వకములలో రాగిదర్పణములు దొరికినవి. అమరకోశము దర్పణము, ముకురము, ఆదర్శము అను మూడు పేరులను చెప్పుచున్నది. ఆదర్శశబ్దమే ప్రాకృతముమీదుగ మన నోట అద్దమైనది. అయితే ఆనాటి అద్దము గాజు కాదు; మెరుగుపెట్టిన లోహము. కేరళమున ఆరన్ముళ యను గ్రామమందు రాగిని తగరమును కలిపి పోతపోసి నేటికిని అట్టి యద్దములను చేయుచున్నారు. లోహము బరువైనది, పెద్దపలకను వంకరలేకుండ మెరుగుపెట్టుట కష్టము. కావున నాటి యద్దములు చాలవరకు చేతిలో నిముడునంతటివే. 1117లో ప్రతిష్ఠితమైన బేలూరు చెన్నకేశవాలయమున దర్పణసుందరి విగ్రహము కలదు. ఆమె తన యద్దమును తానే పట్టుకొని నిలిచినది. ఆ యద్దమునకు చేయియే పీఠము.

గాజు పెద్దదైన పిమ్మటనే పీఠముతో పని కలిగినది. వెనిసు నగరపు పనివారు గాజువెనుక తగరమును పాదరసమును పట్టించి అద్దములు చేసిరి. పదునేడవ శతాబ్ది చివర ఫ్రాన్సుదేశీయులు కరిగిన గాజును బల్లపై పోసి పెద్దపలకలు తీయ నేర్చిరి. 1835లో జర్మనీ రసాయనవేత్త లీబిగ్ గాజుపై వెండి పేరుకొను విధానమును కనుగొనెను. అది పరిశ్రమగ పెరిగిన కొలదిని పాదరసముతో పని తప్పి, అద్దము సామాన్యుల యిండ్లకును వచ్చినది. 1871లో మద్రాసునుండి గుత్తిమీదుగ రాయచూరుదాక రైలుదారి పూర్తి యయ్యెను. గాజువంటి సుకుమారపు సరకు మన సీమకు చేరుటకు అది వీలు కల్పించినది.

గాజు ఎచ్చటినుండియైనను రావచ్చును. దానిని నిలుపు కొయ్య మాత్రము ఇచ్చటి గాలికి ఓర్వవలెను. నేను మరచినది ఈ మాటయే.

వేసవిసెలవులకు మనుమరాలు వచ్చులోపల పని ముగియవలెనని వడ్రంగి ఆచారిని తొందరపెట్టి, పెరటిలో అప్పుడే కొట్టిన వేపమ్రానుతో పీఠము చేయించితిని. మరుసటి వేసవిని ఆ బిడ్డ తల దువ్వుకొనుచుండగా అద్దము ముందునకు వ్రాలెను. నేను ప్రక్కనే యుండి పట్టుకొంటిని గాని, లేకున్న ఏమగునో తలచుకొనజాలను.

ఆచారి వచ్చి చూచి యిట్లనెను: “అయివారూ, నేను ఆ దినమే చెప్తి గదా. మాను ఎండకముందే పని చేయిస్తిరి. ఇప్పుడది మీ ఇంట్లో ఎండుతాండాది.”

పడమటికనుమలు నైరృతిమేఘములను అడ్డగించుటచేతను, తూర్పుసముద్రము దూరమగుటచేతను అనంతపురపు మెట్టకు ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానయే దక్కును. ఇచ్చటి పొడిగాలి పచ్చికొయ్యలోని తేమను పీల్చివేయును. కొయ్య నిడివిలో ఇంచుమించు తగ్గదు, వెడల్పులో కుదియును. పీఠపు బెజ్జములో బిగువుగ దిగగొట్టిన కుసి సన్నబడి వదులాయెను. దానితో నిలువుకమ్ములు ఊగసాగినవి.

రెండవమారు మా కొట్టములో నలువదియేండ్లుగ పడియున్న తుమ్మదూలమును కోయించితిమి. అది మా తాతగారి కపిలబావిపై గిలకను మోసిన దూలము. విద్యుత్ పంపులు వచ్చి కపిల నిలిచినది. బోరుబావులు లోతునకు పోగా బావియు ఎండినది. ఆచారి దాని నడ్డముగ రెండు పాదములుగ చీల్చి, ముందువెనుకలకు మునుపటికంటె నాలుగంగుళములు చాచి, కుసులకు కొయ్యమేకులు బిగించెను.

తరువాత రెండు వేసవులు గడచినవి, పీఠము కదలలేదు. చిన్ననాడు ఆ దూలము పట్టుకొని వంగి బావినీటిలో నా మొగము చూచుకొనెడివాడను. నేడు మా మనుమరాలు దానిమీదనే నిలిచిన అద్దములో చూచుకొనుచున్నది. మీ యింటి పాతకొయ్యను పొయ్యిలో పెట్టుటకు ముందు, దయచేసి ఒకమారు వడ్రంగికి చూపుడు.

సెలవు.