దస్తూరి

ఏజెంటు అనే మాట తిరుపతి జిల్లాలోని మా నాయుడుపేటకు కొత్త కాదు. ఎల్‌ఐసీ ఏజెంటు, బస్సు ఏజెంటు, బండి లైసెన్సు ఇప్పించే ఏజెంటు, ఎవరో ఒకరు మా బజార్లో ఎప్పుడూ ఉన్నారు. మొన్న సెలవులకు వచ్చిన మా మనవరాలు "తాతా, నా ఫోన్లో ఒక ఏజెంటు ఉంది, పని చెప్తే అదే చేసిపెడుతుంది" అనింది. అది ఏం చేస్తుందో పక్కన కూర్చుని చూశాను. అది చేస్తున్నది నా పనే.

నేను దస్తావేజు లేఖరిని. జనం రైటరు అంటారు. 1979లో మొదలుపెట్టి, చెయ్యి వణికేదాకా రాశాను. స్వర్ణముఖి నది అవతలి పల్లెల నుంచి రైతు వచ్చేవాడు. తువ్వాలులో చుట్టిన పాత కాగితాలు ముందు పెట్టి, "రైటరయ్యా, మా తమ్ముడికి ఎకరా రాసియ్యాల" అని ఒక్క మాట అనేవాడు. తక్కినదంతా మాది. పాత దస్తావేజు వెదకడం, ఆస్తి మీద పాత లావాదేవీలు చూపే ఈసీ తీయించడం, సర్వే నంబరు సరిచూడడం, స్టాంపు ఎంతవుతుందో లెక్కకట్టడం, కాగితం కొనడం, రాయడం, సాక్షుల్ని పిలవడం, రిజిస్ట్రారు ముందు ఆయన పక్కన నిలబడడం. ఆయన చేసేది రెండే: మొదట తన మనసులో మాట చెప్పడం, చివర వేలిముద్ర వేయడం. ఫోన్లో ఏజెంటుకూ మనం చెప్పేది ఆ మొదటి మాటే. మధ్యలో ఏ మెట్టు తర్వాత ఏ మెట్టో అదే ఎంచుకుంటుంది.

అప్పట్లో ఊరికంతా కరణం ఉండేవాడు. భూమి లెక్క, శిస్తు లెక్క, ఎవరి పేరున ఏముందో అన్నీ ఆయన దగ్గరే. రాసేవాడూ ఆయనే, రాసింది దాచేవాడూ ఆయనే. మంచి కరణాలు లేరని కాదు. కానీ ఆయన పుస్తకంలో ఒక అంకె మారితే పల్లెలో ఎవరికి తెలుస్తుంది? 1984లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవుల్ని రద్దు చేసింది. తరతరాల ఏర్పాటు అలా పోయింది. ఇంకొకరు పోల్చి చూడలేని చోట పని అప్పగించకూడదన్న జాగ్రత్త నాకు అప్పుడే పట్టింది.

మా వృత్తిలో ఆ పోల్చి చూడడం రెండు చోట్ల ఉండేది. ఒకటి, వేలిముద్రకు ముందు దస్తావేజు మొత్తం పైకి చదివి వినిపించడం. నాకు పని నేర్పిన పెద్దాయన "హద్దుల దగ్గర నిదానించు" అనేవాడు. తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం అని చదువుతుంటే రైతు కళ్లు మూసుకునేవాడు. మనసులో చేను చుట్టూ నడుస్తున్నాడని ముఖం చూస్తేనే తెలిసేది. ఉన్నట్టుండి, "ఉత్తరాన కాలవ కాదయ్యా, బండ్లబాట" అనేవాడు. పాత కాగితంలో కాలవే ఉంది, నేను సరిగ్గానే ఎక్కించాను. కాలవ పూడిపోయి బాటయిందని కాగితానికి తెలియదు, ఆయనకు తెలుసు.

రెండోది, చివరి వరుస. సాక్షుల సంతకాల కింద 'దస్తూరి' అని రాసి, రాసినవాడు తన పేరు పెట్టాలి. ఇరవై ఏళ్ల తర్వాత తగవు వచ్చినా, ఇది ఎవరి చేతిరాత, ఎవరిని పిలిచి అడగాలి అనేదానికి జవాబు ఆ వరుసే.

1998లో కార్డ్ అనే పథకం కింద రిజిస్ట్రేషన్ ఆఫీసులకు కంప్యూటర్లు వచ్చాయి. దస్తావేజును చేత్తో పెద్ద పుస్తకాల్లోకి ఎక్కించే పని పోయింది, రోజులు పట్టే ఈసీ నిమిషాల్లో చేతికి వచ్చింది. మా పని అయిపోయిందనుకున్నాం. అయిపోలేదు. లోపల కంప్యూటరు ఉన్నా, రైతు మనసులో మాట విని దాన్ని కాగితం భాషలోకి మార్చేవాడు బయట వసారాలోనే ఉన్నాడు. సర్కారు కాగితాలు ఇచ్చే మీసేవ కేంద్రం 2011 నవంబరులో పక్కనున్న చిత్తూరు జిల్లాలో మొదలై తర్వాత మాకూ వచ్చింది. 2019లో ప్రభుత్వ సేవలకు యాభై ఇళ్లకొక వాలంటీరు వచ్చారు.  2025 జనవరి 30న 161 ప్రభుత్వ సేవలతో 'మన మిత్ర' వాట్సాప్‌లోకి వచ్చింది. 95523 00009కి మెసేజీ పెడితే చాలు. అయితే వచ్చిన కొత్తలో మన మిత్ర కౌంటరు లాంటిది. ఏ శాఖ, ఏ సేవ అని మనమే నొక్కుతూ పోవాల్సి వచ్చేది. అదే నెలలో అమెరికాలో ఓపెన్‌ఏఐ విడుదల చేసిన 'ఆపరేటర్' వేరే రకం. బ్రౌజరు తానే తెరిచేది, తానే నొక్కేది, తానే నింపేది. పాస్‌వర్డు దగ్గర, డబ్బు కట్టే దగ్గర మాత్రం ఆగి మనిషిని పిలిచేది. మేము వేలిముద్ర దగ్గర ఆగినట్టే.

ఒకరి తరఫున ఇంకొకరు పనిచేయడానికి మన దేశంలో చట్టం ఎప్పటి నుంచో ఉంది. 1872 కాంట్రాక్టు చట్టంలో ఏజెన్సీకి ఒక అధ్యాయమే ఉంది. ఇచ్చిన అధికారం మేరకు ఏజెంటు చేసినదానికి, తానే చేసినట్టుగా యజమాని కట్టుబడాలి. 1882లో పవర్ ఆఫ్ అటార్నీ చట్టం వచ్చింది. పవర్లు నేను రెండు రకాలూ రాశాను. స్పెషల్ పవర్ ఫలానా ఒక్క పనికి. జనరల్ పవర్ అన్నిటికీ. దగ్గరివాడే కదా అని జనరల్ పవర్ ఇచ్చి, ఇల్లు చేయిజారాక మళ్లీ నా దగ్గరికే వచ్చి కూర్చున్న ఒకావిడను నేను మరిచిపోలేను. ఆ కాగితం కింద దస్తూరి నాదే. కొత్తగా ఏజెంటును వాడబోయేవాళ్లకు అందుకే చెబుతున్నా: మెయిలు, బ్యాంకు, ఫోటోలు అన్నీ ఒకేసారి తెరిచి పెట్టడం జనరల్ పవరే. కరెంటు బిల్లు గడువు గుర్తుచేయడం, వచ్చిన మెయిళ్లను పోగుచేసి చెప్పడం లాంటి ఒక్క పని అప్పగించి చూడండి.

మా మనవరాలు ఆ రోజు నాయుడుపేట నుంచి రైలు టికెట్టు చూడమని దానికి చెప్పింది. శుక్రవారం రాత్రి అనింది. బండి వచ్చేది పన్నెండు దాటాక, అంటే అప్పటికి శనివారం. అది శుక్రవారం తేదీనే వేసింది. "డబ్బు కట్టేముందు మొత్తం చదివి వినిపించమను" అన్నాను. తేదీ దగ్గరికి రాగానే పిల్ల "ఆగాగు" అనింది.

ఈ ఏజెంట్లను తయారుచేసేవాళ్లలో మన తెలుగు పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్లకు నా విన్నపం. ఏ పని చేసింది, ఎవరి మాట మీద, ఏ తేదీన, ఎక్కడెక్కడ ఏం మార్చింది, ఇదంతా పల్లెటూరి మనిషి చదవగలిగే తెలుగులో ప్రతి పని చివరా రాసిపెట్టండి. మేము ఏ కాగితం మీదా దస్తూరి వరుస వదల్లేదు.