ఆటోమేటిక్ కారులో కుదుపు వస్తోందా? లైట్ తీసుకోవద్దు.. గేర్‌బాక్స్ ఇచ్చే తొలి హెచ్చరిక అదే!

గుంటూరు మిర్చి యార్డు సీజన్ అంటే ఎండలు ముదిరే కాలం. టిక్కీల లారీల వెనుక నత్తనడకన సాగితే స్పోర్టీ కార్ల గేర్‌బాక్స్‌కు గండమే. 2013లో మన దేశంలోకి వచ్చిన పోలో జీటీ టీఎస్ఐ లాంటి వాటిలో ఉండేది డ్రై డ్యూయల్ క్లచ్. దీన్ని చల్లబరిచేది ఆయిల్ కాదు, గాలే. కారు మెల్లగా పాకుతుంటే క్లచ్ సగం పట్టి జారుతూ వేడెక్కిపోతుంది. ముందు లారీకి కాస్త జాగా వదిలి, బ్రేక్ గట్టిగా నొక్కి ఉంచితే ఆ బాధ తగ్గుతుంది.

ఒకటి నుంచి రెండో గేర్ పడేటప్పుడు చిన్న కుదుపుతో మొదలవుతుంది. గుంతేమో అనుకుని చాలామంది వదిలేస్తారు. తర్వాత డీ, ఆర్‌లో వేసినా బండి వెంటనే కదలదు. చిలకలూరిపేట దాటి ఒంగోలు వైపు ఓవర్‌టేక్ చేస్తుంటే ఆర్‌పీఎం పెరిగి స్పీడ్ పెరగలేదా? క్లచ్ జారుతున్నట్టే. పక్కన లారీ ఉంటే ప్రాణాల మీదకే వస్తుంది. మాడు వాసన, వార్నింగ్ లైట్ వస్తే పక్కకు ఆపి చల్లారనివ్వాలి. టార్క్ కన్వర్టర్ కార్లలోనైతే ఆయిల్ నల్లబడటం, కారు కింద మరకలూ చూసుకోవాలి.

బండి మొరాయిస్తే తాడు కట్టి లాగించొద్దు. ఫ్లాట్‌బెడ్ ట్రక్కును పిలవడమే మేలు.