సంస్థానసీమలో సైన్యపు లారీ

గద్వాల, వనపర్తి సంస్థానములలో పల్లకీలును గుఱ్ఱములును రాజవాహనములై యుండిన కాలము గతించి, 1932లో నిజాం రాష్ట్ర రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా నారంభించిన పిమ్మట, పాలమూరు సీమలో మోటారు యుగము క్రమముగా వేళ్లూనెను. రైలు లేని నాగర్‌కర్నూలుకు ఎద్దుబండి తరువాత లారీయే దిక్కయ్యెను.

రెండవ ప్రపంచయుద్ధానంతరము సైన్యమునకు మిగులైన ఫోర్డు, షెవ్రొలే లారీలు దేశమున విక్రయింపబడెను. పిదప 1959లో జర్మనీ మాన్ సంస్థ సహకారముతో జబల్‌పూరున శక్తిమాన్ అను సైన్యపు లారీల నిర్మాణ మారంభమైనది. ఆ యేటనే వనపర్తి రాజప్రాసాదమున పాలిటెక్నిక్ వెలసినది. రాజమందిరమున సామాన్యుల బిడ్డలు సాంకేతికవిద్య నభ్యసించుట ఈ సీమ చరిత్రలో నేను మిక్కిలి గౌరవించు ఘట్టము.

ఇక సైన్యమునుండి వచ్చిన అట్టి ముసలి లారీకి పొగగొట్టము మార్చుట సులువైన పని కాదు. తుప్పుపట్టిన మానిఫోల్డు నట్టును మొండిగా త్రిప్పినచో స్టడ్డు విరుగును గనుక, ముందురాత్రియే కిరసనాయిలు పోసి నాననిచ్చి, మఱునాడు మెల్లగా నూడదీయవలెను. క్రొత్త గ్యాస్కెట్టు నమర్చి, నడిమి నట్లనుండి కొసలకు కొంచెము కొంచెముగా బిగించుచు, సైలెన్సరును క్లాంపులతో వ్రేలాడదీసి, గొట్టము తనంతట కుదురుకొనిన పిదపనే తుదిబిగింపు చేయవలెను. ఇంజను నడిపినప్పుడు జాయింటు చెంత మసి కానరానిచో పని కుదిరినట్లు.

ఈ విద్యను కంటితోను వ్రేళ్లతోను నేర్చిన మెకానిక్కుల చరిత్ర సంస్థానాధీశుల చరిత్రకు తీసిపోదు. వారిలో వృద్ధులు మనమధ్య నుండగనే ఈ సీమవాసులు దానిని వ్రాసి యుంచవలెను.